జొన్న గుమ్మిలో జిప్ డిస్కు

మా కిష్టారెడ్డిపేట అపార్ట్‌మెంటు ముందుకు ఆదివారం ఆదివారం ఒక ట్రాలీ ఆటో వస్తుంది. "పాత కంప్యూటర్లు, పాత టీవీలు, పాత ప్రింటర్లు కొంటాం" అని మైకులో ఒకే గొంతు, ఒకే రాగం. మొన్న కొత్తిమీర కోసం కిందికి దిగి, ఊరుకోలేక ఆ ట్రాలీలోకి తొంగి చూశాను. కీబోర్డుల కుప్ప మీద నీలం రంగు పెట్టె ఒకటి వెల్లకిలా పడి ఉంది. జిప్ డ్రైవు!

ఇప్పటి పిల్లలకు అదేమిటో తెలియదు. ఫ్లాపీ అదృష్టవంతురాలు, తాను పోయినా "సేవ్" బొమ్మగా కంప్యూటర్లో బతికే ఉంది. జిప్ డ్రైవుకు ఆ పాటి పుణ్యం కూడా దక్కలేదు. దాని డిస్కు ఫ్లాపీ కంటే కాస్త లావుగా, చొక్కా జేబులో పట్టేంత ఉండేది. డజన్ల కొద్దీ ఫ్లాపీల సరుకు ఒక్కదాంట్లో పట్టేది. తొంభైల చివర్లో మా పటాన్‌చెరు ఫ్యాక్టరీకి అది మొదటిసారి వచ్చిన రోజు మేనేజర్ గారు లడ్డూలు పంచారంటే నమ్మండి.

"పనిజేస్తదా మేడం గది?" అని ఆటో అతను నన్నే అడిగాడు.

"జొన్నల్లో పెట్టి చూడు" అన్నాను, నవ్వాపుకోలేక. అతను నన్ను అదోలా చూసి బండి ముందుకు తీశాడు. పాపం అతని తప్పు లేదు. ఆ మాట అర్థం కావాలంటే పటేలు తెలిసి ఉండాలి. పటేలేమో రెండేళ్ళ కింద పోయాడు.

ఆయన అసలు పేరు రాయను. రాసినా మా ఫ్యాక్టరీలో సగం మందికి అదెవరో తెలియదు. గేటు దగ్గర సెక్యూరిటీ నుంచి కార్లో దిగే డైరెక్టరు దాకా అందరికీ ఆయన పటేలే. కొండాపూర్ అవతల ఒక ఊళ్ళో తాతల నాటి భూమి ఉన్న రైతు. బోరు ఎండిపోయిన ఒక ఏడాది, "ఒక్క పంటకాలం సూసి ఇడిసిపెడ్త" అంటూ ఉద్యోగంలో చేరాడు. తర్వాత బోరులో నీళ్ళొచ్చినా ఉద్యోగం విడిచిపెట్టలేదు, భూమీ విడిచిపెట్టలేదు. తెల్లారి చేనుకు పోయి అటు నుంచి అటే ఫ్యాక్టరీ బస్సెక్కేవాడు. ఆయన ప్యాంటు అంచులకు పల్లేరుకాయలు అంటుకుని లేని రోజు నేను చూడలేదు.

ఆయన పని టైం ఆఫీసులో. షిఫ్టుకు ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు గేటు మూసే ముందు పరుగెత్తుకొచ్చారు, ఆ హాజరంతా ఆయన చేతుల్లో ఉండేది. పక్క గదిలో నేను ఆ హాజరును కంప్యూటర్లోకి ఎక్కించేదాన్ని. రెండు గదుల మధ్య ఒక చిన్న కిటికీ. సంగారెడ్డి గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, దుకాణం నడిపే సేటు కూతుర్ని నేను. పటేలు పండించిన జొన్న, శనగ మా నాన్న దగ్గరికే వచ్చేవి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆ కిటికీలోంచి తల పెట్టి ఆరా తీశాడు.

"గంజిల సేటు బిడ్డవా నువ్వు?"

"అవునండీ."

"మీ నాయిన తూకం మంచిగనే ఉంటది. మాటనే జెర తక్కువ తూగుతది" అని తల వెనక్కి తీసుకున్నాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియలేదు. ఇంటికెళ్ళి చెబితే నాన్న గట్టిగా నవ్వాడు.

కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రాకూడదని మేనేజర్ గారి నియమం, దుమ్ము పడుతుందని. ఇంజనీర్లు ఈ నియమాన్ని చూసి గొణుక్కునేవాళ్ళు. పటేలుకు మాత్రం అది చాలా న్యాయంగా కనిపించింది. చెప్పులు విప్పడమే కాదు, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని మరీ వచ్చేవాడు. ఆ తడి పాదాల గుర్తులు గుమ్మం నుంచి నా బల్ల దాకా వరసగా పడేవి. దుమ్ము మానె, బురద పట్టె. వద్దని ఎన్నిసార్లు చెప్పినా, "కడగని కాళ్ళతోని గిసువంటి జాగలకు వస్తరా?" అని నాకే బుద్ధి చెప్పేవాడు.

జిప్ డ్రైవు డిస్కు మీద రాసేటప్పుడు లోపల టకటకమని చప్పుడయ్యేది. పటేలు దాని ముందు కుర్చీ వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, మేత మేస్తున్న ఎద్దును చూసినట్టు చూసేవాడు. నేను బల్ల మీద మోచెయ్యి ఆనిస్తే ఊరుకునేవాడు కాదు. "నములుతున్నది. తిననియ్యి. తినేటప్పుడు కదపొద్దు" అనేవాడు. చప్పుడు ఆగగానే పెట్టె వీపు మీద రెండుసార్లు తట్టి లేచేవాడు.

ఆయనకు ఆ డిస్కుతో పొత్తు ఎలా కుదిరిందంటే, మా పక్క ఫ్యాక్టరీలో మంటలంటుకుని ఆఫీసు గది కాగితాలన్నీ కాలిపోయాయి. మా మేనేజర్ గారికి భయం పట్టుకుంది. ప్రతి శనివారం కంప్యూటర్లో ఉన్నదంతా ఒక డిస్కులోకి ఎక్కించాలి, ఆ డిస్కు ఫ్యాక్టరీకి దూరంగా ఎవరింట్లోనో ఉండాలి, సోమవారమే తిరిగి తేవడం కాదు, మళ్ళీ శనివారం దాకా అక్కడే ఉండాలి అని ఆజ్ఞ వేశారు. అందరిలోకీ దూరం నుంచి వచ్చేది పటేలు. మాట మీద నిలబడేదీ పటేలే. అలా కంపెనీ ప్రాణం ఆయన టిఫిన్ సంచిలోకి, రొట్టెల గిన్నెకూ మామిడికాయ తొక్కు సీసాకూ మధ్యకు చేరింది.

అయస్కాంతం దగ్గరికి పోతే డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుందని మేనేజర్ గారు ఒక్క మాట అన్నారు. అనకపోయినా బాగుండేది. శనివారం వచ్చిందంటే పటేలుకు లోకమంతా అయస్కాంతమే. తుక్కు యార్డులో ఇనుము ఎత్తే పెద్ద అయస్కాంతం క్రేను ఉండేది. దాని నీడ పడకుండా ఫ్యాక్టరీ ప్రహరీ మొత్తం చుట్టి గేటుకు వచ్చేవాడు. బస్సులో స్పీకర్ల దగ్గర కూర్చునేవాడు కాదు. ఒకసారి పక్క సీట్లో కూర్చున్న బాజాల మేళం అతన్ని డోలుతో సహా వెనక్కి పంపించాడట. "డోలులో అయస్కాంతం ఎందుకుంటుంది పటేలా?" అని అడిగాను.

"ఉండదని రాసిస్తవా?" అన్నాడు.

ఇంకో అలవాటుంది. శనివారం డిస్కు చేతికిచ్చే ముందు అందులో ఏముందో తెరిచి చూపించాలి. "సూపియ్యి. ఖాళీ సంచి మోసేటోన్ని గాను నేను" అనేవాడు. తెర మీద పేర్లు వరసగా పోతుంటే మధ్యలో ఎక్కడో వేలు పెట్టి ఆపేవాడు. "ఈడు ఇస్మాయిల్‌ఖాన్‌పేటోడు. ఉన్నడు. ఈమె ఉన్నది. ఒడిశా పిలగాడు, ఆ సుభాషు, ఉన్నడా? ఆఁ ఉన్నడు." అందరూ ఉన్నారని తృప్తి పడ్డాకే సంచి మూతి బిగించేవాడు. నాకది అక్షరాల వరస. ఆయనకు మాత్రం తెర మీద మనుషులు నడిచి వెళుతున్నట్టు ఉండేది.

కొన్ని వారాలయ్యాక ఒక శనివారం, ఆయన తిరిగి తెచ్చిన డిస్కు పెట్టె తెరిస్తే వేపాకు వాసన గుప్పుమంది. లోపల ఒక జొన్నగింజ.

"పటేలా, ఇందులో జొన్నగింజ ఉంది!"

"ఉంటది. జొన్నలల్ల పెడితె జొన్నలు గాక ముత్యాలు వస్తయా?"

"బీరువాలో పెట్టమన్నారు కదా సారు."

"బీరువ ఎవ్వలైన తెరుస్తరు. మనుమండ్లు తెరుస్తరు, సుట్టాలు తెరుస్తరు. ఇత్తుల గుమ్మిల చెయ్యి వెట్టే ధైర్యం మా ఇంట్ల ఎవ్వరికున్నది?"

గుమ్మి అంటే వెదురుతో అల్లి పేడతో అలికిన ధాన్యపు గరిసె. లోపలి గదిలో, చీకట్లో ఉంటుంది. తిండిగింజల గుమ్మి వేరు, విత్తనాల గుమ్మి వేరు. విత్తనాల్లో బూడిద, వేపాకు కలిపి దాస్తారు, పురుగు రాకుండా. ఆకలితో మాడినా విత్తనాల గుమ్మి మీద చెయ్యి వేయరు. పటేలు చిన్నప్పుడు కరువొచ్చినప్పుడు వాళ్ళమ్మ తుమ్మికూర వండి పెట్టిందిగానీ విత్తనం ముట్టలేదట. వాళ్ళింట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు. కంపెనీ డిస్కును అక్కడ పెట్టాడంటే ఎంత గౌరవం ఇచ్చాడో నాకప్పుడు అర్థమైంది. మేనేజర్ గారికి మాత్రం చెప్పలేదు. ఆయన కాన్పూర్‌లో చదువుకున్న మనిషి, గుమ్మి గురించి ఎక్కడ మొదలుపెట్టి చెప్పను?

ఇలా ఏళ్ళు గడిచాయి. నేను డిస్కు మీది బూడిదను ఊదడం, ఆయన గుమ్మంలో తడి కాళ్ళు పెట్టడం ఇద్దరికీ అలవాటైపోయింది.

ఇక బాలమణి సంగతి. ప్యాకింగ్ సెక్షన్లో క్యాజువల్ కూలీ ఆమె. మా ఫ్యాక్టరీలో పర్మనెంటు వాళ్ళకు నీలం కోటు ఇచ్చేవారు, జేబు మీద పేరు కుట్టించి. క్యాజువల్స్‌కు కోటు లేదు, ఈఎస్ఐ ఆసుపత్రి కార్డు లేదు, రేపు పని ఉంటుందన్న నమ్మకం లేదు. ఆ ఏడు పెద్ద ఎగుమతి ఆర్డరు రావడంతో కంపెనీ ఒక మాట ఇచ్చింది: ఏడాది పొడుగునా తెగకుండా పనికి వచ్చిన క్యాజువల్స్‌ని పర్మనెంటు చేస్తాం. అప్పటి నుంచి బాలమణి జ్వరమొచ్చినా వచ్చింది. మరిది లగ్గానికి పోయి పుస్తె కట్టగానే అక్షింతలు వేసి, ఆ పట్టుచీరతోనే రెండో షిఫ్టుకు వచ్చింది. రోజూ వెళ్ళేటప్పుడు టైం ఆఫీసు ముందు ఆగి అడిగేది.

"పటేలా, నేను వచ్చిన్నా ఇయ్యాల?"

"రాలే. నీ ఆత్మ వచ్చింది. పో, ఇంటికి వో" అనేవాడు పటేలు. ఆమె నవ్వుకుంటూ పోయేది. ఆ మాట వినకపోతే ఆమెకు షిఫ్టు అయిపోయినట్టుండేది కాదు.

ఏడాది నిండిన ఆ ఆగస్టులోనే ముసురు పట్టింది. ఫ్యాక్టరీ వెనక వాగు గోడ దూకి లోపలికొచ్చింది. మా గదులు కిందనే కదా. నేను పొద్దున వచ్చేసరికి మోకాలెత్తు నల్లటి నీళ్ళలో నా కుర్చీ తేలుతోంది. కంప్యూటరు మునిగింది. జిప్ డ్రైవు మునిగింది. అల్మారాలోని డిస్కుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్క గదిలో హాజరు కార్డులన్నీ నాని ముద్దయ్యాయి. పటేలు ఆ ముద్దను రెండు చేతులతో ఎత్తి చూసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు.

శుక్రవారానికి వాన ఆగి ఎండ కాసింది. ఆ రోజే హెడ్డాఫీసు నుంచి మనిషి వచ్చాడు, పర్మనెంటు జాబితా ఖాయం చేయడానికి. హాజరు చూపించమన్నాడు. మేనేజర్ గారు వరద సంగతి చెబితే, "నాకు రుజువు కావాలి. సాయంత్రం ఆరింటికి బయల్దేరతాను. అప్పటికి లేకపోతే వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. వచ్చే ఏడు అంటే క్యాజువల్స్‌కు మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క. ఆర్డరు అయిపోయాక ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలియదు. మాట గేటు దాకా పాకింది. వాళ్ళంతా టైం ఆఫీసు ముందు చేరారు. సుభాషు తెలుగు సరిగా రాక అందరి ముఖాలూ చూస్తున్నాడు. బాలమణి అందరికంటే ముందుంది.

"పటేలా, మా హాజరు కొట్కవోయిందట గద?"

పటేలు చీపురు పక్కన పెట్టాడు. "కొట్కవోలే. మా ఇంట్ల ఉన్నది. పోయి తెస్త. ఎవ్వరు పరేషాన్ గావొద్దు."

జీపు డ్రైవరు సలీం, పటేలు, నేను బయల్దేరాం. దారంతా పటేలు హుషారుగా ఉన్నాడు. గుమ్మి గొప్పతనం సలీముకు విప్పి చెప్పాడు. బీరువాలు, అల్మారాలు మనుషులను మోసం చేయడానికి పుట్టాయన్నాడు. ఊళ్ళోకి వెళ్ళేసరికి ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. అందరూ కలుపు తీయడానికి చేలకు పోయారు. లోపలి గదిలోకి వెళ్ళిన పటేలు వెళ్ళినంత వేగంగానే బయటికొచ్చాడు.

"గుమ్మి ఖాళీగున్నది" అన్నాడు. ఆ ముఖం ఇప్పటికీ నాకు గుర్తే.

నిచ్చెనెక్కి మిద్దె మీదికి చూస్తే సంగతి తెలిసింది. నాలుగు రోజుల ముసురు తర్వాత ఎండ రాగానే ఆయన భార్య విత్తనం చెమ్మ పట్టిందేమోనని గుమ్మి మొత్తం ఖాళీ చేసి, నల్ల టార్పాలిన్ మీద ఎండబోసి పోయింది. జొన్నలు పలచగా పరిచింది. వేపాకులు తీసి ఒక పక్కన పెట్టింది. ఆ పక్కనే, కవరులోంచి తీసి, పెట్టెలోంచి తీసి, ఒంటిగా, మర్యాదగా మా జిప్ డిస్కును కూడా ఎండబెట్టింది!

చేతిలోకి తీసుకుంటే వేడిగా ఉంది. ఒక మూల పైకి లేచి, పెనం మీద అప్పుడే వంపు తిరుగుతున్న అప్పడంలా ఉంది. నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. సలీం తల పట్టుకున్నాడు. "అరే, భాభీ నే ఏ క్యా కియా పటేల్ సాబ్!"

"ఆమెనేం అనకు" అన్నాడు పటేలు వెంటనే. "ఆమె తప్పేమున్నది? ఇత్తులల్ల పెట్టినంక అది గూడ ఇత్తే. ఇత్తు చెమ్మవడితె ఎండకు వెయ్యకుంట ఏం జేస్తది? నేను చెప్పలే, తప్పు నాది."

సంగారెడ్డిలో లగ్గం పత్రికలు వేసే దుకాణం ఒకటుంది. ఆ దుకాణదారు మాకు దూరపు చుట్టం. రంగు రంగుల బొమ్మలు ఫ్లాపీలో పట్టవని, హైదరాబాద్ ప్రెస్సుకు పంపడానికి జిప్ డ్రైవు కొన్నాడు. మొత్తం సంగారెడ్డిలో నాకు తెలిసి ఇంకొకటి లేదు. అక్కడికి పోదామన్నాను. దిగబోతూ పటేలు ఆగి పడమటి దిక్కు చూశాడు. నేనూ చూశాను. నల్లటి మబ్బు కిందికి దిగుతోంది.

"పటేలా, విత్తనాలు ఎత్తి పోదామా?" అన్నాను.

మిద్దె నిండా జొన్నలున్నాయి. ముగ్గురం కూర్చుని ఎత్తినా గంటకు తక్కువ పట్టదు. గడియారం అప్పటికే మూడు దాటింది. చుట్టుపక్కల ఇళ్ళల్లో కేకేస్తే పలికే మనిషి లేడు. పటేలు టార్పాలిన్ ఒక అంచు పట్టుకుని లోపలికి మడిచాడు. కొద్ది జొన్నలు దాని కిందికి వచ్చాయి, మిగతావి అలాగే ఉన్నాయి. ఆయన ఇంకో అంచు వైపు అడుగు వేసి, ఆగిపోయి, డిస్కును తువ్వాలలో చుట్టాడు.

"నడువుండ్రి. ముందు గిది" అని నిచ్చెన దిగాడు.

నేను సేటు బిడ్డనే గానీ విత్తనం విలువ నాకప్పుడు పూర్తిగా తెలియదు. కొనుక్కోవచ్చు కదా అనుకున్నాను. వాళ్ళింటి జొన్న వాళ్ళ నేలలోనే తరాలుగా పండి, మళ్ళీ విత్తనమై అదే నేలలోకి పోతుందని, అది తెగితే మళ్ళీ అతకదని తర్వాత నాన్న చెప్పాడు.

పత్రికల దుకాణంలో దుకాణదారు డిస్కును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పైన డొల్ల వంగింది గని లోపటి రేకు మంచిగనే ఉండొచ్చు. మంచి డొల్లల పెడితె నడ్వచ్చు. దానికి ఇంకో డిస్కు విప్పాలె. నా తాన మిగిలింది ఒక్కటే." ఆ ఒక్కటీ తెచ్చి చూపించాడు. దాని మీద "దేవుండ్లు" అని రాసి ఉంది. పత్రికల మీద వేసే వినాయకులు, వెంకటేశ్వరస్వాములు, కలశాలు, అరటి చెట్లు అన్నీ అందులోనే. "శ్రావణమాసం లగ్గాలు నడుస్తున్నయి. దేవుండ్లు లేకుంట పత్రిక ఎట్ల కొట్టియ్యాలె?" అని దీనంగా అడిగాడు.

"దేవుండ్లు ఏడికి వోతరయ్యా" అన్నాడు పటేలు. "ఆళ్ళు ఏ డొల్లల పెట్టినా ఉంటరు. గీ మనుషులకే ఇంకో జాగ లేదు."

దుకాణదారు మెత్తబడ్డాడు. కంప్యూటర్లో పట్టినంత మంది దేవుళ్ళను దించుకున్నాడు. పత్రికల అంచులు కోసే సన్నటి కత్తితో రెండు డిస్కులూ విప్పాడు. పటేలు లేచి ఫ్యాను ఆపాడు. బంగారు పొడి అద్దే కుంచెతో దుకాణదారు మా డిస్కు రేకు మీది బూడిదను తుడిచాడు. ఎవరం ఊపిరి పీల్చలేదు.

అప్పుడే రేకుల కప్పు మీద వాన మొదలైంది. మొదట చినుకులు, తర్వాత గుమ్మరించినట్టు. పటేలు తలుపు దగ్గరికి వెళ్ళి రోడ్డును చూస్తూ నిలబడ్డాడు.

"మీ ఊళ్ళో పడకపోవచ్చు పటేలా" అన్నాను.

"పడ్డది బిడ్డా. అటునుంచే గద వచ్చింది" అన్నాడు. "నువ్వు ఇటు సూడకు. అది సూడు" అని డ్రైవు వైపు చూపించాడు.

డిస్కు లోపలికి పోయింది. టకటకమంది. ఆగింది. మళ్ళీ టకటకమంది. పటేలు తలుపు దగ్గర నుంచి వచ్చి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. తెర మీద పేర్లు ఒక్కొక్కటిగా దిగాయి. ఏడాది పొడుగు హాజరు, కిందటి శనివారం దాకా, ఒక్క రోజు తప్పకుండా. ఆయన వేలు పెట్టి ఆపిన మొదటి పేరు బాలమణిది.

"ఉన్నది" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. దుకాణదారు కూడా తుడుచుకుని, "ఎట్లనన్న నడిచింది. ఇగ నా దేవుండ్ల సంగతి జెర యాదుంచుకోండ్రి" అన్నాడు.

దుకాణంలోనే అచ్చు తీసుకుని ఫ్యాక్టరీకి పోయాం, ఆరు కాకముందే హెడ్డాఫీసు మనిషి సంతకం పెట్టాడు. డిస్కు డొల్ల ఎందుకు మారిందని మేనేజర్ గారు అడిగారు. పటేలు దాచలేదు. గుమ్మి, బూడిద, వేపాకు, ఎండ, అన్నీ చెప్పాడు. మేనేజర్ గారు మొదట ఎర్రబడ్డారు. ఏదో గట్టిగా అనబోయి, కిటికీ బయట నిలబడిన జనాన్ని చూసి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. మర్నాటి నుంచి డిస్కు బ్యాంకు లాకరుకు పోవాలని మాత్రం ఆజ్ఞ వేశారు. పటేలు ఆ అవమానాన్ని చాలా కాలం మరిచిపోలేదు. "బ్యాంకుల వేపాకు వేస్తరా?" అని నన్ను సాధించేవాడు.

విత్తనాల మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. సలీం చెప్పాడు. ఆ వానకు మిద్దె మీది జొన్నలు నాని మొలకలెత్తాయి. మడిచిన అంచు కింద ఉన్నవి కూడా దక్కలేదు.

నీలం కోట్లు ఇచ్చిన మర్నాడు నేను వచ్చేసరికి టైం ఆఫీసు బల్ల మీద మూటలున్నాయి. చీరకొంగు ముక్కలో కట్టినవి, పాలిథిన్ కవరులో పోసినవి, స్టీలు డబ్బాలో తెచ్చినవి. కొత్త పర్మనెంటు వాళ్ళు ఒక్కొక్కరు తమ ఇంటి నుంచో, తల్లిగారింటి నుంచో తెచ్చిన జొన్నలు. బాలమణి కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఆ మూటలన్నీ ఒక్క గోనెసంచిలో పోయబోతోంది. పటేలు ఒక్క కేక పెట్టాడు.

"ఏయ్! కలిపితివా, చెయ్యి ఇరుగుతది! తెల్లజొన్న, పచ్చజొన్న, మీ ఊరిది, వాళ్ళ ఊరిది, అన్ని ఒక్కతాన పోస్తరా? గిట్ల ఇత్తుతరా ఎవ్వలన్న?"

"మాకేం దెల్సు పటేలా. మీకు ఇత్తులు లేవని సలీం చెప్పిండు" అంది బాలమణి చిన్నబోయి.

పటేలు బల్ల ముందు కూర్చున్నాడు. నేలకు సరిపడా విత్తనం అప్పటికే వాళ్ళ చెల్లెలి ఊరి నుంచి తెచ్చుకున్నాడని నాకు తెలుసు. ఆ మాట మాత్రం బయటపెట్టలేదు. ఒక్కో మూట విప్పి చూసి, మళ్ళీ కట్టి, కాగితం ముక్క మీద పేరు రాసి లోపల పెట్టాడు. అన్నిటినీ టిఫిన్ సంచిలో, రొట్టెల గిన్నె తీసేసి, సర్దుకున్నాడు. ఆ సాయంత్రం ప్రహరీ చుట్టి పోవాల్సిన పని లేకపోయినా, అలవాటుగా క్రేనుకు దూరంగానే నడిచాడు.

చలికాలంలో ఒక ఆదివారం నాన్న శనగల పని మీద అటు వెళుతుంటే నేనూ వెళ్ళాను. పటేలు రోడ్డు పక్క చేనులోనే ఉన్నాడు. ఆ చేను చూసి నాన్న ముందు నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? ఒక సాలు మనిషెత్తు, పక్క సాలు మోకాలెత్తు. ఒకచోట కంకి తెల్లగా, ఇంకోచోట పచ్చగా, మరోచోట కంకి బయటికి రాక ఇంకా పొట్ట మీదనే. ఎవరో తాగి మగ్గం మీద నేసిన బట్టలా ఉందని ఊరంతా అనుకుంటున్నారట.

ఆయన నన్ను గట్టు వెంట నడిపించాడు. "ఇది ఇస్మాయిల్‌ఖాన్‌పేటోనిది. మంచిగొచ్చింది. అది బాలమణిది. పచ్చజొన్న, కాలం గాని కాలంల ఏసిన, పొట్టిగున్నది గని కంకేసింది సూడు. ఆమెకు పొట్టి అని చెప్పకు." ఒక్కో సాలు దగ్గర ఆగి, కంకిని తాకి, పేరు చెప్పి ముందుకు పోయాడు. చివర్లో ఒక సాలు మాత్రం ఖాళీగా ఉంది. ఒట్టి మట్టి.

"ఇదెవరిది పటేలా?"

"సుభాషుది. వానికి ఈడ భూమున్నదా, తల్లిగారిల్లున్నదా? మీ నాయిన దుకాణంల తిండిజొన్నలు కొనుక్కొచ్చిండు. మొల్వలే" అని మా నాన్న వైపు చూశాడు. నాన్న దగ్గాడు.

"అయితే సుభాషు ఈ హాజరుకు రానట్టేనా?" అన్నాను సరదాకు.

పటేలుకు నా మాట నచ్చలేదు. వంగి ఆ సాలులో మొలిచిన గడ్డి పీకి అవతల పారేశాడు. మిగతా సాళ్ళలాగే దానికీ కలుపు తీశాడని, గట్టు కట్టాడని, నీళ్ళు పెట్టాడని అప్పుడు గమనించాను.

"ఎందుకు రాలే బిడ్డా?" అన్నాడు. "అగో, అందరితోని గలిసి నిలవడ్డడు గద."